మధ్యవర్తిని వెదకిన సన్యాసి: మార్టిన్ లూథరు

మన మధ్యవర్తి యెవరని అడిగినచో ఆదివారపు బడి పిల్లలు సయితము తడబడక జవాబు చెప్పుదురు. ఆ జవాబు కొరకు లూథరు ఏండ్ల తరబడి పెనుగులాడెను.

ఆయన 1483 నవంబరు 10న జర్మనీలోని ఐస్లేబెను పట్టణమున పుట్టెను. రాగి గనులలో కష్టించి పైకి వచ్చిన తండ్రి హాన్సుకు, కుమారుడు న్యాయశాస్త్రము చదువవలెనని కోరిక. 1505 జూలై 2న స్టోటర్న్‌హైము గ్రామము దగ్గర పిడుగు పడగా, ప్రాణభీతితో లూథరు కేక వేసినది క్రీస్తుకు కాదు, గనిపనివారు కొలుచు పరిశుద్ధురాలైన అన్నకు. సన్యాసి నగుదునని మ్రొక్కుకొని, ఆ నెలలోనే ఎర్ఫర్టు మఠములో చేరెను.

క్రీస్తును ఏల పిలువలేదు? ఆ కాలపు చిత్రములలో ప్రభువు ఇంద్రధనుస్సుపై కూర్చున్న తీర్పరి. ఆయనను శాంతపరచుటకు మరియమ్మయు పరిశుద్ధులును కావలెను. అనగా మధ్యవర్తికే మధ్యవర్తులు! కలెక్టరును చూచుటకు ముందు గుమాస్తాను పట్టుకొనుట వంటిదే ఇది. (అయ్యగారు ప్రార్థించిననే దేవుడు వినునని నేటికిని మా యొద్దకు వచ్చువారు లేకపోలేదు.)

1507లో మొదటి పూజ చేయుచు, దేవునితో నేరుగా మాటలాడవలసిన ఘట్టమున ఆయన వణకి, బలిపీఠము విడిచి పారిపోవ జూచెను. గంటల కొలది పాపములు ఒప్పుకొని పెద్దయైన స్టౌపిట్సును విసిగించెను. విసిగియు ఆ పెద్ద ఆయన చూపును క్రీస్తు గాయముల వైపు త్రిప్పెను. ఈ మేలును లూథరు ఎన్నడును మరువలేదు. పిమ్మట విట్టెన్‌బర్గులో కీర్తనలును రోమా పత్రికయు బోధించుచుండగా, తాను భయపడిన తీర్పరియే తన పక్షమున నిలిచిన రక్షకుడని గ్రహించెను.

ఆ పట్టణపు ప్రభువైన ఫ్రెడరిక్కు 1520 నాటికి పరిశుద్ధుల అవశేషములను దాదాపు 19 వేలు కూడబెట్టెను. 1517 అక్టోబరు 31న లూథరు పాపపరిహార పత్రముల అమ్మకమును ఖండించుచు 95 సిద్ధాంతములను ఆర్చిబిషప్పు ఆల్బ్రెక్టుకు పంపెను. గుడి తలుపుకు వాటిని కొట్టెనా లేదా అని పండితులు వాదించుచున్నారు. నాకది పెద్ద విషయముగా తోచదు. 1520లో బాప్తిస్మము పొందిన వారందరును యాజకులే యని వ్రాసెను. మరియమ్మను గౌరవించుట మాత్రము మానలేదు. 1521లో ఆమె స్తుతిగీతముపై ఒక వ్యాఖ్యానమే వ్రాసెను.

ఒక సంగతి దాచరాదు. క్రీస్తు యూదుడుగా పుట్టెనని 1523లో ఆదరముతో గ్రంథము వ్రాసిన ఆ చేయే, 1543లో యూదులపై ద్వేషము వెళ్లగ్రక్కెను. మధ్యవర్తిని ఎరిగినవాడు ఆయన స్వజనులను అట్లు దూషించుట మిక్కిలి విచారకరము.

1546 జనవరిలో, రోగియై యుండియు, మాన్స్‌ఫెల్డు ప్రభువుల తగవు తీర్చుటకు చలిలో ఐస్లేబెనుకు ప్రయాణమయ్యెను. రాజీ కుదిరెను. ఫిబ్రవరి 18 వేకువన, క్రీస్తునందే నిలిచి చనిపోవుదువా యని స్నేహితులడుగగా అవునని చెప్పి కన్నుమూసెను.