ప్లేగువాడలో గాంధీమహాత్ముడు

పండుగ వచ్చుచున్నదనిన మన వారు ఇల్లు దులిపి, గోడలకు సున్నము వేయుదురు. కాటారము వంటి అడవిసీమ పల్లెలలోను, హైదరాబాదు మహానగరమునను ఈ యాచారము కలదు. అది సంతోషముతో చేయు పని. అంటురోగము సోకిన యింటిని శుభ్రపఱచుట అట్టిది కాదు. అది ప్రాణభయముతో కూడిన పని. ఎవరును నియమింపకయే అట్టి పనికి పూనుకొన్న మహనీయుడు మోహనదాసు కరంచందు గాంధి.

ఆయన 1869వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన పోరుబందరులో జన్మించెను. ఇంగ్లండులో న్యాయశాస్త్రము చదివి, 1893లో వృత్తిరీత్యా దక్షిణాఫ్రికాకు వెడలెను. 1896లో స్వదేశమునకు వచ్చియుండగా బొంబాయిలో ప్లేగు పుట్టెను. రాజకోటవాసులు భయపడిరి. గాంధీజీ అచ్చటి పారిశుద్ధ్యసంఘమున చేరి, ఇంటింటికి పోయి మరుగుదొడ్లను పరీక్షించెను. కొందఱు ధనవంతులు అందులకు అంగీకరింపలేదు. అస్పృశ్యులని లోకము దూరముగ నుంచిన పేదల వాడకు పోవుటకు తోడిసభ్యులలో ఒక్కడు మాత్రమే వెంటవచ్చెను. అచ్చటి యిండ్లు పేడతో అలుకబడి, పాత్రలు తళతళలాడుచుండెను. శుభ్రతకు ధనముతో గాని, కులముతో గాని పనిలేదని ఆయన నాడు కన్నులార చూచెను.

1904వ సంవత్సరము మార్చి నెలలో జోహానెస్‌బర్గు నగరమున 17 దినములు ఎడతెగక వానలు కురిసెను. అచ్చటి భారతీయుల వాడ క్రిక్కిఱిసి, మురికితో నిండియుండెను. ఆ స్థలమును స్వాధీనపఱచుకొనిన పురపాలకసంఘము దాని శుభ్రతను పట్టించుకొనలేదు. ఒకనాటి సాయంకాలము బంగారుగనిలో పనిచేయు 23 మంది భారతీయులు ప్లేగుతో వాడకు వచ్చిరి. అది ఊపిరితిత్తులకు సోకు ప్లేగు. రోగి దగ్గిన తుంపరలతో ఇతరులకు వ్యాపించును.

మదనజీతు అను మిత్రుడు ఒక ఖాళీయింటి తాళము పగులగొట్టి, రోగులను అందు చేర్చి, గాంధీజీకి కబురంపెను. ఆయన సైకిలుపై వచ్చి, ఆ యింటిని ఎందులకు ఆక్రమింపవలసివచ్చెనో అధికారులకు వ్రాసి తెలిపెను. డాక్టరు విలియం గాడ్‌ఫ్రే పరుగున వచ్చెను. గాంధీజీ కార్యాలయమునందలి నలుగురు యువకులు ప్రాణములకు తెగించి పరిచర్యకు నిలిచిరి. పెద్దసంసారము గల మఱియొక సహోద్యోగిని మాత్రము ఆయన రానీయలేదు.

మఱునాడు పురపాలకసంఘము ఒక గిడ్డంగి నిచ్చెను గాని, దానిని శుభ్రపఱపలేదు. గాంధీజీయు, సహచరులును దానిని స్వయముగ బాగుచేసి, దాతలిచ్చిన మంచములు వేసి, వైద్యశాలగ మార్చిరి. ఆ దినములలో ప్లేగును మాన్పు మందు లేదు. గాంధీజీ ముగ్గురికి తడిమట్టి పట్టీలు వేసెను. వారిలో ఇద్దఱు బ్రతికిరి. తక్కినవారందఱు మరణించిరి. సేవకై వచ్చిన నర్సును కూడ ఆ రోగము బలిగొనెను. నేడు ప్లేగునకు సూక్ష్మజీవులను చంపు మందులు కలవు. మట్టిని నమ్మక, వెంటనే వైద్యుని ఆశ్రయింపవలెను.

పిదప వాడవారినందఱిని 13 మైళ్ల దూరమున క్లిప్‌స్ప్రూటునందలి గుడారములకు తరలించిరి. పేదలు నేలలో పాతియుంచిన ధనమును త్రవ్వి తీసి గాంధీజీ కప్పగించిరి. అది సుమారు 60,000 పౌనులు. రాగి, వెండి నాణెములను క్రిమిరహితము చేసిన పిదపనే బ్యాంకునకు పంపిరి. ఖాళీయైన వాడకు పురపాలకసంఘము నిప్పుపెట్టెను. సకాలమున చీపురు పట్టనిచోట తుదకు అగ్గి పట్టవలసివచ్చెను. గాంధీజీ అధికారుల అశ్రద్ధను పత్రికలో ఖండించెను. తనవారి అపరిశుభ్రతను కూడ దాచలేదు.

నేడు ఇండ్లు కాల్చనక్కఱలేదు. అంటురోగి యున్న గదిని బాగుచేయు పెద్దలు ముందుగ తలుపులు, కిటికీలు తెఱచి గాలి రానీయవలెను. మాస్కు, చేతితొడుగులు ధరింపవలెను. దుమ్ము లేచునట్లు ఊడ్వక, సబ్బునీటితో మురికి కడిగి, పిమ్మట బ్లీచింగుపొడి కలిపిన నీటితో తుడువవలెను. ఆ నీటిలో ఆమ్లము కలుపరాదు. కలిపినచో విషవాయువు పుట్టును. దుప్పట్లను దులుపక, వేడినీట ఉతికి, ఎండలో ఆరవేయవలెను. తుదకు చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

వృద్ధాప్యమునను గాంధీజీ ఈ వ్రతమును వీడలేదు. సేవాగ్రామమునకు కుష్ఠురోగియైన పర్చురే శాస్త్రి వచ్చినపుడు ఆయనకు స్వహస్తములతో పరిచర్య చేసెను. 1948వ సంవత్సరము జనవరి 30వ తేదీన ఢిల్లీలో తుపాకిగుండ్లకు గుఱియై ఆ మహనీయుడు అస్తమించెను. స్వరాజ్యము నర్థించిన చేతులే చీపురును పట్టెను. బాలలారా! రోగమునకు వెఱచుట తప్పు కాదు. రోగిని విడిచి పాఱిపోవుట తప్పు.