సంకెళ్ళు తానే తొడుక్కున్న వీరుడు

గోదావరిఖని, రామగుండం ప్రాంతాలలో జీతాల రోజు సాయంత్రం ఎలా ఉంటుందో సింగరేణి కుటుంబాలకు చెప్పనక్కరలేదు. నెలంతా బావి దిగి, మూడు షిఫ్టులలో చెమటోడ్చి సంపాదించిన డబ్బు ఇంటికి చేరకముందే దారిలో కరిగిపోతుంది. ఆ మనిషికి ఆశయాలు లేక కాదు. కూతురి చదువు, సొంత ఇల్లు, ఎప్పటికైనా హజ్ చేయాలన్న కోరిక, అన్నీ ఉన్నాయి. రమజాన్ నెలలో తాగుడు మానేస్తాడు కూడా. పండుగ వెళ్ళిన వారానికే మళ్ళీ మొదలవుతుంది. నాగాలు పెరుగుతాయి, మస్టర్లు తగ్గుతాయి, అప్పులు మిగులుతాయి. చివరకు ఇంట్లోవాళ్ళు సైతం ఇక ఇతను మారడని తేల్చేస్తారు.

అలా తేల్చేసే ముందు, అబూ మిహ్జన్ సఖఫీ (రజి) అనే సహాబీ జీవితాన్ని ఒకసారి తెలుసుకోవలసి ఉంది.

ఆయన తాయిఫ్ పట్టణానికి చెందిన సఖీఫ్ తెగవారు. పేరు మోసిన కవి, గొప్ప గుర్రపు రౌతు. హిజ్రీ 8వ సంవత్సరంలో ముస్లింలు తాయిఫ్‌ను ముట్టడించినప్పుడు ఆయన వారికి వ్యతిరేకంగా పోరాడారు. మరుసటి ఏడాది తన తెగతోపాటు ఇస్లాం స్వీకరించారు. అయితే అజ్ఞాన కాలం నాటి ఒక అలవాటు మాత్రం ఆయనను వదల్లేదు. అదే మద్యం.

దివ్యఖుర్ఆన్ మద్యాన్ని క్రమక్రమంగా నిషేధించింది. అందులో లాభం కన్నా పాపమే ఎక్కువని బఖరా సూరా తెలిపింది. మత్తులో ఉండి నమాజు దరికి రావద్దని నిసా సూరా ఆదేశించింది. చివరకు అది షైతాను చేష్ట అని, దానికి పూర్తిగా దూరం కావాలని మాయిదా సూరాలో ఆజ్ఞ వచ్చింది. ఆ ప్రకటన వినగానే మదీనా వాసులు మద్యాన్ని వీధులలో పారబోశారు. అందరిలా అబూ మిహ్జన్ (రజి) ఒక్కసారిగా మానలేకపోయారు. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో ఆయనకు పలుమార్లు కొరడా దెబ్బల శిక్ష పడింది. శిక్ష పడటం, మళ్ళీ తాగటం, మళ్ళీ శిక్ష పడటం జరుగుతూ వచ్చింది. చివరకు ఖలీఫా ఆయనను మదీనా నుండి బహిష్కరించగా, దారిలో తప్పించుకుని ఇరాఖ్‌లోని ముస్లిం సైన్యం వద్దకు వెళ్ళారు. అక్కడ కూడా ఈ మద్యం వ్యవహారంలోనే సేనాధిపతి సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఆయనను కోటలో సంకెళ్ళతో బంధించారు.

అది క్రీ.శ. 636 ప్రాంతం. ఖాదిసియా మైదానంలో పారశీక సేనాని రుస్తుం ఏనుగుల దళంతో నిలిచి ఉన్నాడు. పోరు రోజుల తరబడి సాగింది. సాద్ (రజి) జబ్బుపడి, కోట పైనుండే సైన్యాన్ని నడిపిస్తున్నారు. కింద సంకెళ్ళలో ఉన్న అబూ మిహ్జన్ (రజి) చెవుల్లో యుద్ధఘోష మారుమోగుతోంది. ఏ రోజు కోసం ఒక వీరుడు బతుకంతా ఎదురుచూస్తాడో ఆ రోజు వచ్చింది. కాని తన అలవాటే తన కాళ్ళకు ఇనుమై చుట్టుకుని ఉంది.

ఆయన సాద్ (రజి) భార్య సల్మాను ప్రాధేయపడ్డారు. తనను విడిచిపెట్టి, సేనాధిపతి గుర్రం బల్ఖాను ఇమ్మని, ప్రాణాలతో ఉంటే తిరిగివచ్చి తానే సంకెళ్ళు తొడుక్కుంటానని మాట ఇచ్చారు. ఆమె మొదట ఒప్పుకోలేదు. ఆయన ఆవేదన చూసి చివరకు విడిపించారు. ఆ రాత్రి ఆయన శత్రుపంక్తులను చీల్చుకుంటూ పోరాడిన తీరు చూసి, ఎవరీ వీరుడని సైనికులు ఆశ్చర్యపోయారు. ఆ దూకుడు అబూ మిహ్జన్‌దిలా, ఆ పరుగు బల్ఖాదిలా ఉన్నాయని సాద్ (రజి) అనుకున్నారు. కాని ఆయన బందీగా ఉన్నారు కదా అని సందేహించారు.

అర్ధరాత్రి సైన్యాలు వెనుదిరిగాయి. అబూ మిహ్జన్ (రజి) చేతిలో మేలుజాతి గుర్రం ఉంది, చుట్టూ చీకటి ఉంది, కాపలా లేదు. లోగడ బహిష్కరణ నుండి తప్పించుకున్న మనిషి ఇప్పుడు కూడా పారిపోవచ్చు. ఆయన తిరిగివచ్చారు. గుర్రాన్ని కట్టేసి, తన కాళ్ళకు తానే సంకెళ్ళు తొడుక్కున్నారు.

సంగతి తెలిసిన సాద్ (రజి) ఆయనను విడుదల చేసి, ఇకపై ఆయనపై కొరడా ఎత్తనన్నారు. శిక్షతో పాపం కడిగివేయబడుతుందన్న ధీమాతో ఇన్నాళ్ళూ తాగానని, ఇక అల్లాహ్ కోసం ఎన్నటికీ ముట్టనని అబూ మిహ్జన్ (రజి) ప్రమాణం చేశారు.

పాఠక సోదర సోదరీమణులారా! కొరడా చేయలేని పనిని నమ్మకం చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై ఉద్యమించారు, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తివేయబడింది. చట్టం అవసరమే. కాని మనిషి లోపల నిర్ణయం జరగకపోతే అది ఎంతో కాలం నిలబడదు. అబూ మిహ్జన్ (రజి) పెద్ద ప్రమాణం చేయకముందు, ఎవరూ చూడని చోట ఒక చిన్న మాట నిలబెట్టుకున్నారు. తనపై తనకు నమ్మకం అక్కడే కలిగి ఉంటుంది.

కనుక తాగుడు, పేకాట, గుట్కా, ఏ అలవాటైనా సరే, మానదలచినవారు ముందు ఒక చిన్న మాట నిలబెట్టుకోవాలి. డ్యూటీ దిగగానే దుకాణం ఉన్న దారి వదిలి మస్జిద్ దారి పట్టాలి. జీతం రోజున భార్యనో, ఎదిగిన కొడుకునో వెంట తీసుకువెళ్ళాలి. ఏళ్ళ తరబడి ఎక్కువగా తాగినవారు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ రావచ్చు. అలాంటివారు తప్పక వైద్యుని సలహా తీసుకోవాలి.

ఇంట్లోవారి బాధ్యత కూడా ఉంది. పదేపదే తాగి శిక్షకు గురైన ఒక వ్యక్తిని ఎవరో శపించగా దైవప్రవక్త (స) వారించారు. అతనికి అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉందని తెలిపారు. తప్పు చేసినవాణ్ణి ఛీకొట్టి షైతానుకు అప్పగించకూడదు. పిల్లల ఫీజు కట్టే పనో, మరొక చిన్న బాధ్యతో అతని చేతికివ్వాలి. సల్మా సంకెళ్ళు విప్పకపోయి ఉంటే అబూ మిహ్జన్ (రజి) చరిత్ర ఆ కోటలోనే ముగిసేది.

అల్లాహ్ మన ఇళ్ళను చెడు అలవాట్ల సంకెళ్ళ నుండి విముక్తం చేయుగాక! పడిపోయిన ప్రతిసారీ లేచి తౌబా చేసుకునే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.