చూపును శోధించిన రామన్

విశాఖపట్నం నుండి అరకులోయకు పోయే రైలు తూర్పు కనుమలలో యాభైకి పైగా సొరంగాలను దాటుతుంది. ఎండలో నుండి సొరంగంలోకి చొరబడగానే, పెట్టెలో దీపం లేకుంటే, ఎదుటి మనిషి కూడ కానరాడు. మసక వెలుతురులో చూపునిచ్చేది నేత్రపటలంలోని రొడాప్సిన్ అనే ప్రోటీన్. ‘ఎ’ విటమిన్ నుండి పుట్టిన రెటినాల్ అనే చిన్న అణువు దానిలో వంగి ఒదిగి ఉంటుంది. కాంతి తాకగానే ఆ అణువు నిటారవుతుంది. ప్రోటీన్ రూపం మారుతుంది. ఆ మార్పే నాడీ సంకేతానికి నాంది. ఎండకు వెలిసిపోయిన రొడాప్సిన్ చీకటిలో పూర్తిగా తేరుకోవడానికి అరగంట పడుతుంది. ‘ఎ’ విటమిన్ కొరవడితే రేచీకటి కమ్ముతుంది.

ఈ కనుమల కొసలు సముద్రాన్ని తాకే విశాఖపట్నంలోనే చంద్రశేఖర వెంకట రామన్ బాల్యం గడిచింది. 1888 నవంబరు 7న తిరుచిరాపల్లిలో జన్మించిన రామన్, తండ్రికి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపక పదవి లభించడంతో నాలుగేండ్ల ప్రాయంలో ఇక్కడికి వచ్చాడు. పదకొండేండ్లకే మెట్రిక్యులేషన్ ముగించి, తండ్రి బోధించే కళాశాలలోనే ఎఫ్.ఎ. చదివాడు. తరువాతి కథ, అంటే 1928 నాటి రామన్ ఫలితం, 1930 నాటి నోబెల్ బహుమతి, అందరూ ఎరిగినదే.

అంతగా ఎరుగనిది ఆయన చివరి దశాబ్దం. బెంగుళూరులో తాను నెలకొల్పిన పరిశోధనాలయంలో, డెబ్బై దాటిన వయసులో, పూల రంగులను పరిశీలిస్తూ ఆయన చూపు రహస్యం వైపు మళ్ళాడు. రంగు పలకను కంటికి అడ్డంగా పెట్టుకొని, తెల్లని తెరవంక కొంతసేపు చూచి, పలకను తటాలున తొలగించేవాడు. అప్పుడు తెరపై క్షణకాలం గోచరించే ఆకృతి తన నేత్రపటలానిదేనని ఆయన విశ్వాసం. ఆ ప్రయోగానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. తన కన్నే పరికరం.

మూడు విధాల గ్రాహకాలతోనే సమస్త వర్ణాలను గుర్తిస్తామన్న యంగ్, హెల్మ్‌హోల్ట్జ్‌ల సిద్ధాంతాన్ని రామన్ తిరస్కరించాడు. యౌవనంలో ఆయనను ఎంతగానో ప్రభావితం చేసిన శబ్దశాస్త్ర గ్రంథం ఆ హెల్మ్‌హోల్ట్జ్ రచించినదే! కాని 1964లో అమెరికా శాస్త్రజ్ఞులు మానవ నేత్రంలోని శంకుకణాలలో మూడు విధాల వర్ణకాలున్నట్లు కొలిచి చూపారు. కంటిలో ‘ఎ’ విటమిన్ పాత్రను వెల్లడించిన జార్జి వాల్డ్ 1967లో నోబెల్ బహుమతిని మరి ఇద్దరితో పంచుకొన్నాడు. మరుసటి ఏడే రామన్ తన వాదాన్ని గ్రంథంగా వెలువరించాడు. దృష్టిశాస్త్రజ్ఞులు దానిని అంగీకరించలేదు; ఆయన వెనుదీయలేదు.

ఇక్కడ రామన్ పొరబడ్డాడనే చెప్పాలి. మహనీయుల చరిత్రలలో ఇటువంటి పుటలను దాటవేయడం నాకు సమ్మతం కాదు. సముద్రపు నీలిమ కేవలం ఆకాశపు ప్రతిబింబమన్న రేలీ మాటను 1921లో ఓడ మీద నుండే పరీక్షింపజేసినదీ ఈ మొండి పట్టుదలే. 1970 నవంబరు 21న రామన్ కన్నుమూశాడు. పరిశోధనాలయపు ఆవరణలోనే, చెట్ల నడుమ ఆయనకు దహనసంస్కారం జరిగింది.