రోజుకు ఇన్ని పేజీలు: విశ్వనాథ సత్యనారాయణ గారు



ఈసారి నేను విశ్వనాథ సత్యనారాయణ గారి గురించి రాస్తున్నాను. ఆయన 1895 సెప్టెంబరు 10న కృష్ణా జిల్లా నందమూరులో పుట్టారు. మన రెడ్డిగూడెం కూడా 2022 దాకా ఆ జిల్లాలోనే ఉండేది. కాబట్టి ఆయన మనకు దగ్గరి మనిషే. తండ్రి శోభనాద్రి గారు, తల్లి పార్వతమ్మ గారు. బందరులో చదువుకునేటప్పుడు చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు ఆయనకు గురువు. పెద్దయ్యాక ఆయనా మాస్టారే అయ్యారు. బందరు, గుంటూరు, విజయవాడ కాలేజీల్లో పాఠాలు చెప్పారు. తర్వాత కరీంనగర్ కాలేజీకి ప్రిన్సిపాలుగా చేశారు.

నాకు బాగా నచ్చింది వేయిపడగలు నవల రాసిన సంగతి. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాళ్ళ నవలల పోటీ కోసం దాన్ని రాశారు. ఆయన నోటితో కథ చెప్తా ఉంటే తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాస్తూ పోయారట. 29 రోజుల్లో దాదాపు వెయ్యి పేజీలు! నేను లెక్క వేశాను. రోజుకు 34 పేజీల పైనే పడింది. తమ్ముడి గారికి చెయ్యి ఎంత నొప్పి పుట్టిందో పాపం.

ఆ నవల సుబ్బన్నపేట అనే ఊరి కథ. పాత పద్ధతులన్నీ పోతుంటే ఊరు ఎట్లా మారిపోయిందో అందులో ఉంటుంది. పోటీలో బహుమతిని దానికీ, అడివి బాపిరాజు గారి నారాయణరావు నవలకూ కలిపి ఇచ్చారు. తర్వాత పి.వి. నరసింహారావు గారు దాన్ని హిందీలోకి మార్చారు. ఆయనే 1991లో ప్రధానమంత్రి అయ్యారు.

విశ్వనాథ గారు అన్నీ అంత తొందరగా రాయలేదు. రామాయణ కల్పవృక్షానికి దాదాపు ముప్పై ఏళ్ళు పట్టింది. దానికే 1970 జ్ఞానపీఠ బహుమతి వచ్చింది. తెలుగుకు అదే మొదటిది. ఆయన 1976 అక్టోబరు 18న చనిపోయారు.

ఇదంతా చదివాక మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆమెకు కథలు చాలా వచ్చు, అక్షరం మాత్రం రాదు. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. మా భాషకు లిపి లేదు, తెలుగు అక్షరాల్లోనే రాయాలి. పోయిన సంక్రాంతికి నాయనమ్మ ఒక కథ సగంలో ఆపి, తర్వాత ఏమైందని నన్నే అడిగింది. నాకు భయం వేసింది.

అందుకని వేసవి సెలవుల్లో రోజుకు 5 పేజీలు రాయాలనుకున్నా. రెండు రోజులు రాసి మానేశా. అమ్మ మామిడి తోటకు కూలికి పోతే తమ్ముణ్ణి నేనే చూడాలి కదా. తర్వాత రోజుకు ఒక్క పేజీ చాలనుకున్నా. అది ఆగలేదు. నాయనమ్మ చెప్పడం, నేను రాయడం. 41 పేజీలు అయినాయి. ఇక్కడ హాస్టల్లో గుర్తున్నవి రాస్తున్నా. దసరాకు పోయి ఆమెకు చదివి వినిపించి తప్పులు దిద్దుతా.

మీ ఇళ్ళల్లో కూడా కథలు చెప్పేవాళ్ళు ఉంటారు. వాళ్ళ కోసం ఒక నోటుబుక్కు పెట్టండి. రోజుకు ఒక్క పేజీ చాలు.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. రాత్రి స్టడీ అవర్ అయ్యాక పది నిమిషాలు లైటు ఉంచండి మేడం. ఒక పేజీకి అంతే పడుతుంది.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని