గాజుపళ్ళెంలో కనిపించిన జీవితం

కిందటేడు ప్రాజెక్టు పనిమీద దివిసీమలో మా అమ్మమ్మగారి ఊరు వెళ్ళి వావిలాకు, నేలవేము, కాసిని మడాకులు కోసుకొచ్చాను. నీడన ఎండబెట్టి, పొడిచేసి, ఆల్కహాలులో నానబెట్టి వడగట్టాను. ఆ రసంలో ముంచిన కాగితపు బిళ్ళల్ని బాక్టీరియా పరిచిన అగర్ పళ్ళెంలో పెట్టి, రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచాను. పొద్దున్నే చూద్దును గదా, మూడు బిళ్ళల చుట్టూ తేటగా వలయాలు! ఎగిరి గంతేశాను. మా మాస్టారు పళ్ళెం చూసి, ఉత్త ఆల్కహాలులో ముంచిన బిళ్ళ ఏదోయ్ అని అడిగారు. పెట్టలేదు. పెట్టి చూస్తే దాని చుట్టూనూ వలయమే! బిళ్ళలు ఆరకుండానే పెట్టేశానన్నమాట. ఆరబెట్టి మళ్ళీ చేస్తే ఒక్క వావిలాకుకే చిన్న వలయం మిగిలింది. ఆ రసాన్నే ఎర్రరక్తకణాలమీద వేస్తే, గాఢత పెంచేసరికి అవీ పగిలాయి. సూక్ష్మజీవిని చంపేదల్లా మందు కాదని అప్పుడు తెలిసింది. ఆ దిగులులో నాకు తోడు నిలిచింది యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితం.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. పదమూడో ఏట, యాత్రికులకు అరటిపళ్ళమ్మి డబ్బు గడిద్దామని కాశీదారి పట్టారు. తల్లి వెంకమ్మగారు వెనక్కి తీసుకొచ్చారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. సప్లిమెంటరీలు రాసే మిత్రులు ఈ ముక్క గుర్తుంచుకోవాలి! మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు తొడిగి శస్త్రచికిత్సకు వెళ్ళినందుకు, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. పిమ్మట మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ వ్యాధితో పోయారు. ఆ గాయం ఆయన్ని వదల్లేదు.

మామగారి సాయంతో బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో రాత్రిళ్ళు రోగుల మలమూత్రపాత్రలు ఎత్తుతూ చదువుకున్నారు. ఫిస్కేతో కలిసి, రక్తంలో భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని గుర్తించడంలోనూ వారిద్దరికీ పాత్ర ఉంది. అయినా హార్వర్డ్‌లో స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లే సంస్థకు మారారు.

అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. సోదరుల్ని బలిగొన్న స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అది మందయింది. అదే ఆమ్లాన్ని పోలిన రూపమే అమినోప్టెరిన్. అది పెరిగే కణాలకు విషం. ఆ విషాన్నే సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు పిల్లలకిచ్చి చూశారు. 1948లో ఆయన ప్రకటించిన 16 మందిలో 10 మందికి, తాత్కాలికంగానైనా, గుణం కనిపించింది. దాని చెల్లెలు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. కణాన్ని చంపే గుణం దోషమూ కావచ్చు, మందూ కావచ్చు. ఏ కణాన్ని, ఎంత మోతాదులో అన్నదే ప్రశ్న.

ఆయన పరిశోధనకు నాయకత్వం వహిస్తున్న కాలంలోనే, డెబ్బై దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు డగ్గర్ మట్టి నమూనాలు జల్లెడపట్టి, బంగారురంగు సూక్ష్మజీవినుంచి ఆరియోమైసిన్ సాధించారు. టెట్రాసైక్లిన్ల వంశానికి అదే మొదలు. 1947లో బోదకాలు పురుగుమీద పనిచేసే హెట్రజాన్ వచ్చింది.

మా అమ్మమ్మది బోదకాలు. వాచిన కాలు మాత్రలతో తగ్గలేదు. కాని ఏడాదికోసారి పంచే ఆ మాత్రల్ని ఇంటిల్లిపాదిచేతా దగ్గరుండి మింగించేది. ఆ మాత్ర వెనుక భీమవరం బిడ్డ ఉన్నాడని ఆవిడకు తెలియదు. నాకూ చాలాకాలం తెలియదు.

1948 ఆగస్టులో, 53వ ఏట, సుబ్బారావుగారు న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూశారు. మళ్ళీ స్వదేశం చూడనేలేదు. 1995లో మన తపాలాశాఖ ఆయన బిళ్ళ వేసింది.

నా ప్రాజెక్టు రిపోర్టులో చిన్న వలయమూ రాశాను, పగిలిన కణాలూ రాశాను. గుడివాడ బస్సు దిగి పరుగున ల్యాబుకొచ్చే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నేను చెప్పేదొకటే: ఉత్త ఆల్కహాలు బిళ్ళను ముందు పెట్టండి. గంతులు తర్వాత వేద్దాం.