అశోకుని వంటశాల

ప్రభుత్వోద్యోగులమగు మనము ప్రతిదినము చూచుచుండు సింహముద్ర, సారనాథమునందలి అశోకస్తంభశిఖరమునుండి 1950లో గ్రహింపబడినది. ఆ చక్రవర్తి ధర్మచింతన తన వంటయింటివరకు వ్యాపించినదన్న సంగతి మాత్రము మనలో కొందరికే తెలియును.

మౌర్యవంశీయుడగు బిందుసారుని కుమారుడైన అశోకుడు సుమారు క్రీ.పూ. 268లో పట్టాభిషిక్తుడయ్యెను. ఎనిమిదేండ్లకు కళింగమును జయించెను. ఆ యుద్ధమున 1,00,000 మంది హతులైరనియు, 1,50,000 మంది చెరగొనిపోబడిరనియు ఆతడే శిలలపై చెక్కించి, తన పశ్చాత్తాపమును లోకమునకు ప్రకటించెను. విజేత తన విజయమునకు వగచుట చరిత్రలో అరుదు.

ఆ పరితాపము మనుష్యులతో ఆగలేదు. మొదటి శిలాశాసనమున ఆతడు తన పాకశాలను గూర్చియే చెప్పెను. పూర్వమచట కూరలకై ప్రతిదినము లక్షలకొలది ప్రాణులు చంపబడుచుండెడివట. శాసనము వ్రాయించునాటికి అవి మూడే: రెండు నెమళ్లు, ఒక లేడి. ఆ లేడియు నిత్యము కాదు. మునుముందు ఆ మూడును చంపబడవని రాజు మాట యిచ్చెను. వేటవిహారములను మాని ధర్మయాత్రలు సాగించెను. మనుష్యులకువలెనే పశువులకును వైద్యము నేర్పఱచెను. ఈ శాసనములు కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి బండలపైనను కలవు.

ఇందొక విశేషమున్నది. ఆ మూడు ప్రాణుల సంగతి దాచిపెట్టి, తన వంటశాల సర్వశుద్ధమైనదని చెక్కించుకొన్నచో కాదనగలవాడెవ్వడు? ఆతడట్లు చేయలేదు. మిగిలిన దోషమును లెక్కతో సహా చెప్పెను.

పట్టాభిషేకమైన యిరువదియాఱేండ్లకు మఱికొన్ని కట్టడులు చేసెను. చిలుకలు, గోరువంకలు, గబ్బిలములు మున్నగువానిని వధింపరాదు. చూలుతోనున్న, పాలిచ్చుచున్న మేకలను, గొఱ్ఱెలను, ఆఱునెలలు నిండని పిల్లలను చంపరాదు. కొన్ని దినములయందు చేపలు పట్టరాదు, అమ్మరాదు. అయినను రాజ్యమంతట మాంసాహారమును ఒక్కపెట్టున నిషేధింపలేదు.

ఏల నిషేధింపలేదు? ఢిల్లీలో ఫిరోజ్ షా కోట్లాయందున్న స్తంభముపై, మఱుసటి యేటి శాసనమున, దీనికి సమాధానమువంటిది కలదు. ధర్మాభివృద్ధికి నిబంధన, మనఃపరివర్తన అను రెండు మార్గములను ఆతడందు తూచెను. జీవరక్షణకై తానెన్ని నిబంధనలు చేసినను వానివలని మేలు స్వల్పమనియు, మనసులు మాఱుటవలననే ప్రాణులకు అధికమైన మేలు కలిగినదనియు తేల్చెను. నిబంధనలతోడనే దినము గడపు మనకిది ఆలోచింపదగిన మాట.

సుమారు క్రీ.పూ. 232లో అశోకుడు గతించెను. ఆహారవిషయమున మనలో నేటికిని ఏకాభిప్రాయము లేదు. ఒక యింట చేపలపులుసు, వేఱొక యింట ముద్దపప్పు. ఎవరి రుచి వారిది, ఎవరి ఆచారము వారిది. కాని మన విస్తరికై ఎన్ని ప్రాణములు పోవుచున్నవో లెక్కించుకొనుట అందఱకును సాధ్యమే. ఆ లెక్కను పొరుగింట గాక తన యింట మొదలిడినవాడు కనుకనే అశోకుని మాటకు విలువ నిలిచినది.