సర్ పీటర్ మెడవార్

రెండవ ప్రపంచయుద్ధము జరుగుచున్న దినములవి. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు పట్టణమున ఒక యువశాస్త్రజ్ఞుని యింటికి సమీపమున ఒక విమానము కూలిపోయెను. అందలి వైమానికుని శరీరము చాలవఱకు కాలిపోయెను. అతనికి చికిత్స చేయుచున్న డాక్టర్లు ఆ శాస్త్రజ్ఞుని సలహా కోరిరి. ఇతరుల చర్మమును తెచ్చి కాలినచోట అతికించినను, అది కొలది దినములకే నశించి ఊడిపోవును. ఇట్లేల జరుగవలెను? ఈ ప్రశ్నయే ఆ యువకుని జీవితమార్గమును నిర్ణయించెను. ఆయనయే పీటర్ మెడవార్.

మెడవార్ 1915వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన బ్రెజిల్ దేశమున జన్మించెను. తండ్రి లెబనాను దేశీయుడు; తల్లి ఆంగ్లేయురాలు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆయన జంతుశాస్త్రము నభ్యసించెను.

యుద్ధకాలమున మెడవార్ గ్లాస్గో నగరమునకు పోయి, థామస్ గిబ్సన్ అను డాక్టరుతో కలిసి కాలినగాయముల రోగులను పరీక్షించెను. ఒకసారి ఊడిపోయిన చర్మమునే దాతనుండి మరల తెచ్చి అతికించినచో, అది మునుపటికంటె త్వరగా నశించెను. రోగక్రిములతో పోరాడి మనలను కాపాడు రక్షణశక్తియే పరుల చర్మమును గూడ శత్రువుగా నెంచి, గుర్తుంచుకొని, ఎదిరించుచున్నదని 1943లో వారు తెలిపిరి.

1948లో మెడవార్‌ను ఒక శాస్త్రజ్ఞుడు కవలదూడలను గూర్చి ప్రశ్నించెను. ఒకే పిండమునుండి పుట్టిన కవలలను, వేర్వేరు పిండములనుండి పుట్టిన కవలలను గుర్తించుట యెట్లు? ఒకదాని చర్మమును రెండవదానికి అతికించినచో సులభముగా తెలియునని మెడవార్ ధైర్యముగా చెప్పెను. కాని బిల్లింగ్‌హామ్ అను సహచరునితో పరీక్షించి చూడగా, ఆయన మాట తప్పయ్యెను. ఆడ మగ కవలలు సైతము ఒకదాని చర్మమును మఱొకటి స్వీకరించెను!

మెడవార్ సిగ్గుపడలేదు, కారణమును వెదకెను. తల్లిగర్భమున కవలదూడల రక్తము కలిసిపోవుననియు, ఒకదాని కణములు రెండవదానిలో నిలిచియుండుననియు రే ఓవెన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1945లోనే కనుగొనియుండెను. పుట్టుకకు ముందే పరిచయమైన కణములను శరీరము తనవిగా భావించునన్నమాట.

ఇది నిజమైనచో మానవప్రయత్నముచే గూడ సాధ్యము కావలెను. బిల్లింగ్‌హామ్, బ్రెంట్ అను సహచరులతో మెడవార్ ఒక జాతి ఎలుక గర్భమునందలి పిల్లలకు వేఱొక జాతి ఎలుక కణములను సూదితో ఎక్కించెను. ఐదు పిల్లలు పుట్టెను. అవి పెరిగినపిదప ఆ వేఱొక జాతి చర్మము నతికింపగా, రెండు దానిని త్రోసివేసెను; మూడు స్వీకరించెను. 1953లో ప్రకటింపబడిన ఈ ఫలితము శాస్త్రలోకమును ఆశ్చర్యపఱచెను. 1960లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు బర్నెట్‌తో పాటు మెడవార్‌కు నోబెల్ బహుమానము లభించెను. తన వంతు ధనమును ఆయన సహచరు లిరువురితో పంచుకొనెను.

1969లో మెదడులో రక్తనాళము చిట్లి ఆయన ఎడమప్రక్క చచ్చుపడెను. అయినను ఆయన కలము నాగలేదు. యువశాస్త్రజ్ఞులకు హితము చెప్పు గ్రంథమును 1979లో ప్రకటించెను. 1987వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన ఆయన మరణించెను.

ఇతరుల మూత్రపిండమును పొందిన రోగులు రక్షణశక్తిని అణచు మందులను సాధారణముగా జీవితాంతము వాడవలసియుండును. ఆ మందులవలన శరీరము ఇతర వ్యాధులకు లోనగుట సులభము. కావున రోగి రక్తమునందే యుండి, రక్షణశక్తిని అదుపులో నుంచు కణములను వేఱుపఱచి, పెంచి, మరల ఎక్కించు చికిత్సను శాస్త్రజ్ఞులు పరీక్షించుచున్నారు. అట్టి అదుపుకణములను గూర్చిన పరిశోధనలకు 2025లో సకగుచి, బ్రంకో, రామ్‌స్‌డెల్ అను మువ్వురకు నోబెల్ బహుమానము లభించెను.

తన ఊహ తప్పైనపుడు దానిని కప్పిపుచ్చక, తప్పునకు కారణ మేమని వెదకినవాడే సత్యమును చేరుకొనును. కవలదూడలు మెడవార్‌కు నేర్పిన పాఠ మిదియే.